సేవింగ్స్ ఖాతా వడ్డీ రేటు మారితే: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. సొంతూరు అనంతపురం పక్కన, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. మా అపార్ట్‌మెంట్‌లో సగానికి సగం తెలుగువాళ్లే. ఆదివారం పొద్దున కింద బెంచీ మీద కూర్చుంటే ఎవరో ఒకరు పాస్‌బుక్కో ఫోనో పట్టుకొని వచ్చి పక్కన కూర్చుంటారు. 2025 జూన్ తర్వాత వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సేవింగ్స్ వడ్డీ గురించే. అవి వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను.

సార్, నా ఖాతాలో వడ్డీ 2.70 నుంచి 2.50కి దిగింది. దించింది ఆర్‌బీఐనా, బ్యాంకా?

బ్యాంకే. ఒకప్పుడు ఈ రేటు రిజర్వు బ్యాంకు చేతిలో ఉండేది. 2003 మార్చి 1 నుంచి 2011 మే దాకా దేశమంతా ఒకటే రేటు, 3.5 శాతం. 2011 మే 3న దాన్ని 4 చేశారు. అదే ఏడాది అక్టోబరు 25న ఆర్‌బీఐ ఆ పగ్గం వదిలేసింది: ఇక ఏ బ్యాంకు రేటు ఆ బ్యాంకే పెట్టుకోవచ్చు. కట్టుబాట్లు మాత్రం కొన్ని ఉంచింది. లక్ష రూపాయల లోపు నిల్వకు అందరికీ ఒకటే రేటు ఇవ్వాలి. లక్ష దాటిన డబ్బుకు మొత్తాన్ని బట్టి వేరే రేటు ఇవ్వొచ్చు. మారతహళ్లి బ్రాంచిలో ఒకటి, మదనపల్లె బ్రాంచిలో ఒకటి అని ఉండకూడదు.

అప్పట్లో ఒకటి రెండు ప్రైవేటు బ్యాంకులు 6 శాతం దాకా వెళ్లాయి. పెద్ద బ్యాంకులు 4 దగ్గరే ఆగాయి. తర్వాత దిగడం మొదలైంది. ఎస్‌బీఐ 2017 జూలై 31న కోటి లోపు నిల్వలకు 3.5 చేసింది, 2020 మే 31 నాటికి 2.70కి వచ్చింది, 2025 జూన్ 15 నుంచి 2.50. మీ పాస్‌బుక్‌లో కనపడుతున్నది ఈ చివరి మెట్టే.

మరి రెపో రేటు తగ్గితే బ్యాంకు తగ్గించి తీరాలా?

అక్కర్లేదు. రెపో అంటే ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు. దానికీ మీ సేవింగ్స్ రేటుకీ మధ్య చట్టపరమైన ముడి ఏదీ లేదు. ముడి ఉన్నది లోన్లకు. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారే రేటు) ఇంటి లోన్లన్నీ రెపో లాంటి బయటి కొలమానానికి కట్టి ఉండాలి, కనీసం మూడు నెలలకోసారి సరిచేయాలి. రెపో దిగితే బ్యాంకుకు లోన్ల మీద వచ్చే ఆదాయం దానంతటదే దిగుతుంది. ఆ తగ్గుదలను ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి. ఎఫ్‌డీల మీద వెంటనే కుదరదు, ఎందుకంటే వేసిన రోజు రేటు గడువు తీరేదాకా మార్చకూడదు. చేతికి అందేది సేవింగ్స్ ఖాతానే. ఒక్క నిర్ణయంతో మర్నాటి నుంచే కోట్ల ఖాతాలకు కొత్త రేటు పడుతుంది.

తేదీలు చూడండి. 2025 జూన్ 6న ఆర్‌బీఐ రెపోను 6 నుంచి 5.50కి దించింది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు సేవింగ్స్ రేటు జూన్ 10న 2.50కి వచ్చింది, ఐసీఐసీఐది జూన్ 12న, ఎస్‌బీఐది 15న. అంటే నాలుగు రోజులు, ఆరు రోజులు, తొమ్మిది రోజులు.

అంత తొందరగా దించినవాళ్లు, రెపో పెరిగినప్పుడు ఎందుకు పెంచలేదు?

ఈ పేజీ రాయాలనిపించింది ఈ ప్రశ్న వల్లే. మా పైఅంతస్తు పెద్దాయన ఒక ఆదివారం రెండు కాగితాలు తెచ్చి బెంచీ మీద పక్కపక్కన పరిచారు, గాలికి ఎగరకుండా మీద ఇంటి తాళాల గుత్తి పెట్టారు. ఒకటి కొడుకు ఇంటి లోన్ స్టేట్‌మెంటు, ఇంకొకటి తన సేవింగ్స్ ఖాతాది. రెండూ ఒకే బ్యాంకువి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.50కి ఎక్కింది, రెండున్నర శాతం. లోన్ కాగితంలో వడ్డీ మెట్టు మెట్టుగా ఎక్కుతూ పోయింది. పక్క కాగితంలో సేవింగ్స్ వడ్డీ ఉన్నచోటే ఉంది. ఆయన ఏమీ అనలేదు. ఒక వరస మీద వేలు పెట్టి, తర్వాత రెండో వరస మీద పెట్టి, నా మొహం చూశారు.

ఎస్‌బీఐ లెక్కే తీసుకుంటే, 2020 మేలో పెట్టిన 2.70 శాతం ఐదేళ్లు అలాగే ఉంది. 10 కోట్లు దాటిన నిల్వలకు మాత్రం 2022లో 3 శాతం ఇచ్చారు. ఆ ఐదేళ్లలో రెపో ఎక్కింది, నిలబడింది, మళ్లీ దిగింది. ఎక్కినప్పుడు మన రేటు కదల్లేదు, దిగినప్పుడు కదిలింది.

కారణం మన దగ్గరే ఉంది. జీతం ఆ ఖాతాకే వస్తుంది, ఈఎంఐ దాన్నుంచే పోతుంది, యూపీఐ, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు ఫీజు అన్నీ దానికే కట్టేసుకున్నాం. పావు శాతం కోసం ఇవన్నీ విప్పి ఇంకో బ్యాంకుకు ఎవరూ పోరని బ్యాంకుకు తెలుసు. బ్యాంకుల్లో కాసా అంటారు, కరెంట్, సేవింగ్స్ డబ్బు కలిపి. బ్యాంకుకు దొరికే అన్నిటికన్నా చవకైన సొమ్ము అదే. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి మార్చిలో మాకు పెట్టిన టార్గెట్ కాసా పెంచమనే.

ఇది సరైన పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం. తగ్గించడానికి నాలుగు రోజులు చాలినప్పుడు పెంచడానికీ అంతే చాలాలి. చేయలేని పనేమీ కాదు. 2019 మే 1 నుంచి ఎస్‌బీఐ లక్ష దాటిన సేవింగ్స్ నిల్వలను రెపోకు ముడిపెట్టింది, రెపో కన్నా 2.75 తక్కువగా. అది ఎన్నాళ్లో నిలవలేదు, 2020 మార్చికి అన్ని నిల్వలకూ ఒకటే 3 శాతం రేటు పెట్టారు. ఆ పద్ధతే కొనసాగి ఉంటే 2023లో లక్ష దాటిన డబ్బుకు 3.75 వచ్చేది. లోన్లకు నియమం పెట్టిన ఆర్‌బీఐ ఇటువైపు కూడా ఒకటి పెట్టాలని ప్రతిసారీ అంటూనే ఉంటాను.

2.50 అంటే మన లెక్కలో ఎంత బాబాయ్? రూపాయి వడ్డీ అంటే తెలుస్తుంది, ఈ శాతాలు తెలీవు.

నూటికి నెలకు ఒక రూపాయి అయితే ఏడాదికి 12 శాతం. ఆ లెక్కన 2.50 శాతం అంటే దాదాపు 21 పైసల వడ్డీ. లక్షకు ఏడాదికి 2,500.

వడ్డీ నెల మధ్యలో మారితే ఆ మూడు నెలలకూ కొత్త రేటే వేస్తారా?

వేయరు. ఏ రోజు రేటు ఆ రోజుకే. ఎస్‌బీఐ మార్పునే లెక్క కడదాం. ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 దాకా మీ ఖాతాలో కదలకుండా లక్ష ఉందనుకోండి. ఏప్రిల్ 1 నుంచి జూన్ 14 దాకా 75 రోజులు, 2.70 చొప్పున 554 రూపాయల 79 పైసలు. జూన్ 15 నుంచి 30 దాకా 16 రోజులు, 2.50 చొప్పున 109 రూపాయల 59 పైసలు. మొత్తం 664 రూపాయల 38 పైసలు. రేటు మారకపోతే 673 వచ్చేది. ఆ మూడు నెలల్లో తేడా తొమ్మిది రూపాయలే, అందుకే చాలామంది కంట పడలేదు. పది లక్షలు సేవింగ్స్‌లో పడి ఉన్న పెద్దవాళ్లకు ఏడాదికి 2,000 పోతుంది.

వడ్డీ జమ కనీసం మూడు నెలలకోసారి పడాలి. ఏ తేదీన అనేది బ్యాంకును బట్టి మారుతుంది. కాబట్టి 30వ తేదీ రాత్రి చూసి పడలేదని కంగారుపడకండి.

జీతం ఒకటో తారీఖు వచ్చి ఐదుకల్లా అయిపోతుంది. నాకేమైనా వడ్డీ వస్తుందా?

వస్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి వడ్డీ రోజువారీ నిల్వ మీదే. రోజు ముగిసేసరికి ఖాతాలో ఎంత ఉంటే అంతకు. 90,000 నాలుగు రాత్రులు ఉంటే 2.50 చొప్పున 24 రూపాయల 66 పైసలు. చిన్న మొత్తమే, కానీ పాత పద్ధతిలో అదీ ఉండేది కాదు.

పాత పద్ధతి ఇప్పటి పిల్లలకు తెలియదు. నెలలో 10వ తారీఖు నుంచి ఆఖరు రోజు దాకా ఉన్న అతి తక్కువ నిల్వకే వడ్డీ. 28న ఒక్కరోజు డబ్బు తీసి 29న తిరిగి వేసినా ఆ నెల వడ్డీ పోయినట్టే. 10వ తేదీ సాయంత్రం కౌంటరు మూసే వేళకు పరుగెత్తుకుంటూ వచ్చి, చేతిలో నలిగిన నోట్లు ముందుకు చాపి, ‘సార్, ఈ ఒక్కటీ తీసుకోండి’ అన్న కూరగాయల వ్యాపారుల ముఖాలు నాకు ఇంకా గుర్తే. లెడ్జరులో ఒక్కో నెలకు ఆ తక్కువ నిల్వను వేరే గడిలో రాసి, ఆరు నెలలవి కూడి, వడ్డీ చేత్తో కట్టేవాళ్లం.

పోస్టాఫీసు సేవింగ్స్‌లో ఇప్పటికీ ఆ 10వ తారీఖు లెక్కే నడుస్తోంది, వడ్డీ ఏడాదికోసారి పడుతుంది. కాకపోతే రేటు 2011 డిసెంబరు నుంచి 4 శాతం దగ్గర అలాగే ఉంది. డబ్బు కదలకుండా ఉంచగలిగినవాళ్లకు అది పెద్ద బ్యాంకుల కన్నా మేలు.

ఆ బ్యాంకు బోర్డు మీద ‘7 శాతం వరకు’ అని ఉంది. అక్కడ వేయమంటారా?

‘వరకు’ అన్న మాట దగ్గర ఆగండి. మా చెల్లెలు ఇలాంటి బోర్డే చూసి 1,80,000 వేసింది. ఖాతా తెరిచిన కుర్రాడు 7 శాతం అనే చెప్పాడు, స్లాబుల సంగతి, అంటే మొత్తాన్ని బట్టి రేటు మారుతుందని, ఎత్తలేదు. మూడు నెలలకు 3,150 వస్తుందని డైరీలో రాసుకుంది. పడింది 1,745. ఏడుపు గొంతుతో ఫోన్ చేసి ‘అన్నయ్యా, నా డబ్బులు కోసేశారు’ అంది. వెళ్లి రేట్ల కాగితం అడిగి తెచ్చాను. లక్ష దాకా 3 శాతం, లక్ష నుంచి 5 లక్షల దాకా 5, 10 లక్షలు దాటాకే 7. మొదటి లక్షకు ఏడాదికి 3,000, పైన ఉన్న 80,000కు 4,000, మొత్తం 7,000. అంటే చేతికి వచ్చిన అసలు రేటు 3.89. బ్యాంకు లెక్క తప్పలేదు. తప్పిందల్లా చెప్పాల్సిన మాట ముందే చెప్పకపోవడం. ఆ మాట మేనేజరు ఎదుటే అన్నాను.

ఖాతా తెరిచే ముందు ఒక్కటే అడగండి: ‘నేను వేసే ఈ మొత్తానికి ఏడాదికి ఎన్ని రూపాయలు వస్తాయి? కాగితం మీద రాసివ్వండి.’ శాతం అడగొద్దు, రూపాయలే అడగండి.

అలాంటి చిన్న బ్యాంకుల్లో డబ్బు భద్రమేనా?

ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్సు ఉంది. 2020 ఫిబ్రవరి 4కు ముందు అది లక్షే. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులకూ ఇది వర్తిస్తుంది. వాటిలో ఉజ్జీవన్, జనా మన బెంగళూరువే, ఈక్విటాస్ చెన్నైది. అదే బ్యాంకులో సేవింగ్స్, ఎఫ్‌డీ రెండూ ఉంటే రెండూ కలిపే 5 లక్షలు.

2020 జనవరిలో మన బెంగళూరులోనే ఒక సహకార బ్యాంకు మీద ఆర్‌బీఐ ఆంక్షలు పెట్టి, మొదట్లో 35,000కు మించి తీయనివ్వలేదు. రిటైర్మెంటు డబ్బంతా అందులోనే పెట్టినవాళ్లు ఏమయ్యారో ఊళ్లో అందరం చూశాం. ఇలా ఆంక్షలు పడితే ఇన్సూరెన్సు సొమ్ము 90 రోజుల్లో ఇవ్వాలని 2021లో చట్టం మార్చారు. ఎక్కువ వడ్డీ కోసం వెళ్లండి, నేను వద్దనను. వడ్డీతో కలిపి 5 లక్షలు దాటనివ్వకండి.

రేటు తగ్గించే ముందు మాకు చెప్పాలి కదా?

రేట్ల పట్టిక ముందుగా అందరికీ కనపడేలా పెట్టాలి, అదీ నియమం. అది వెబ్‌సైటులో ఉంటుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పడం జరగదు. 2025 జూన్‌లో నాకు ఏ మెసేజీ రాలేదు, పేపరు చూసి తెలుసుకున్నాను. అందుకే మా వాళ్లకు చెప్పేది: ఆర్‌బీఐ రెపో మార్చిందని టీవీలో విన్న రోజు నుంచి రెండు వారాలు మీ బ్యాంకు సేవింగ్స్ రేటు పేజీ మీద కన్నేసి ఉంచండి. 2025 డిసెంబరు 5న రెపో 5.25కి దిగింది, అప్పుడూ ఇదే చెప్పాను.

మేనేజరు తెలిసినవాడే. మాట్లాడితే కొంచెం ఎక్కువ వేస్తాడా?

వేయలేడు. సేవింగ్స్ రేటులో బేరాల్లేవు. బ్యాంకు ఉద్యోగులకూ రిటైరైనవాళ్లకూ ఒక శాతం దాకా ఎక్కువ ఇచ్చే వెసులుబాటు ఉంది. నాకూ వస్తుంది, దాచడమెందుకు.

అరవై దాటినవాళ్లకు సేవింగ్స్‌లో అదనం ఉందా?

మామూలుగా ఉండదు. ఆ అర శాతం అదనం ఎఫ్‌డీలకు.

స్వీప్ పెట్టించుకోమంటున్నారు. మంచిదేనా?

మీరు చెప్పిన మొత్తం దాటిన డబ్బు దానంతటదే ఎఫ్‌డీగా మారుతుంది, అవసరమైతే విరిగి ఖాతాలోకి వస్తుంది. మూడు నాలుగు నెలల ఖర్చు ఎప్పుడూ ఖాతాలో ఉంచుకునేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. సేవింగ్స్ రేటు దిగినప్పుడు తగిలే దెబ్బ కూడా తగ్గుతుంది. ప్రతి నెలా ఖాతాను సున్నాకు తెచ్చేవాళ్లకు మాత్రం వద్దు. కొన్నాళ్లకే విరిగిన ఎఫ్‌డీకి వడ్డీ తక్కువ, పైగా కొన్ని బ్యాంకులు ముందుగా విరిస్తే కోత వేస్తాయి.

కంపెనీ మారాను. పాత జీతం ఖాతాలో కొంత ఉండిపోయింది. దానికి వడ్డీ వస్తూనే ఉంటుందా?

వస్తుంది. రెండేళ్లు మీరు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా పనిచేయని ఖాతాల్లోకి పోతుంది, అయినా వడ్డీ వేస్తూనే ఉండాలి. పదేళ్లు ఎవరూ అడగకపోతే డబ్బు ఆర్‌బీఐ నిధికి వెళ్తుంది. అక్కడి నుంచి కూడా తిరిగి తెచ్చుకోవచ్చు. ఎక్కడెక్కడ ఉండిపోయిందో వెతకడానికి 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టారు.

ఇక్కడ వడ్డీ కన్నా పెద్ద గొడవ కనీస నిల్వ. జీతం రావడం ఆగాక ఆ ఖాతా మామూలు సేవింగ్స్ అవుతుంది, నిల్వ తగ్గితే జరిమానా పడొచ్చు. పక్క వీధి పీజీలో ఉండే కుర్రాడొకడికి ఏడాదిలో వచ్చిన వడ్డీ 61 రూపాయలు, పోయిన జరిమానా దానికి పదింతల పైమాటే. ఎస్‌బీఐ ఈ జరిమానా 2020లో తీసేసింది, బెంగళూరు కేంద్రంగా ఉన్న కెనరా బ్యాంకు 2025 జూన్ 1 నుంచి తీసేసింది. మీ బ్యాంకు తీయకపోతే, వాడని ఖాతా మూసేయండి.

బ్యాంకులో 21 పైసలే అయితే చీటీ వేసుకోవడం మేలు కదా సార్?

చీటీ వేరే పని. అత్యవసరానికి రాత్రి పదకొండింటికి హాస్పిటల్లో కట్టాల్సిన డబ్బు చీటీలో ఉంటే ఎవరిస్తారు? వేసేవాళ్లు 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చోట వేయండి. అపార్ట్‌మెంట్లలో నమ్మకం మీద నడిచే చీటీల గురించి నన్ను అడగొద్దు, మా వీధిలోనే రెండు మునిగాయి.

ఈ వడ్డీకి పన్ను ఉందా?

ఉంది. సేవింగ్స్ వడ్డీ మీద బ్యాంకు టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోయదు, అందుకని పన్ను లేదనుకుంటారు. రిటర్నులో చూపాలి. పాత పన్ను పద్ధతిలో 60 ఏళ్ల లోపువాళ్లకు 10,000 దాకా, పెద్దవాళ్లకు ఎఫ్‌డీ వడ్డీతో కలిపి 50,000 దాకా మినహాయింపు. కొత్త పద్ధతిలో ఈ రెండూ లేవు.

అబ్బాయి అమెరికా నుంచి ఎన్ఆర్ఈ ఖాతాకు పంపుతున్నాడు. దానికి ఎక్కువ ఇస్తారా?

ఇవ్వరు. ఎన్ఆర్ఈ అంటే విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి సంపాదన పంపుకునే ఖాతా, దానికి ఇక్కడి మామూలు సేవింగ్స్ రేటును మించి ఇవ్వకూడదు. లాభం ఒకటే, ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు.

వడ్డీ తక్కువ వేశారనిపిస్తోంది. ఎవరికి చెప్పుకోవాలి?

ముందు బ్రాంచికి రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. నోటిమాట చాలదు. కాగితంలో మీ లెక్క రాయండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎంత నిల్వ, ఏ రేటు, ఎంత రావాలి, ఎంత పడింది. కన్నడ రాదని వెనకాడకండి, ఇంగ్లిషులో ఇచ్చినా తీసుకుంటారు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. సాయానికి 14448 నంబరు ఉంది. రేటు తగ్గించారన్న ఫిర్యాదు అక్కడ నిలవదు, అది బ్యాంకు ఇష్టం. ప్రకటించిన రేటు వేయలేదన్న ఫిర్యాదు నిలుస్తుంది. లెక్క కట్టడం కష్టమైతే, ఆ మూడు నెలల స్టేట్‌మెంటు ప్రింటు తీసుకొని ఆదివారం ఎనిమిదింటికి కిందకి రండి.